‘పిలగాడు ఎట్లుంటడు?’ అని అడిగినందుకు

మా అక్క కూతురికి సంబంధం వచ్చిన సంగతి నాకు ఏ మనిషీ చెప్పలేదు. అక్క ఫోన్‌లో పెట్టుకున్న స్టేటస్ చూసి తెలుసుకున్నాను. స్టీలు ప్లేట్లలో ఉప్మా, మైసూర్‌పాక్, వాటి వెనక ముగ్గురు కొత్తవాళ్ల మోకాళ్లు. మొహాలు పడకుండా జాగ్రత్తగా తీసిన ఫోటో. కింద ఒక పువ్వు బొమ్మ. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో అలా మోకాళ్లు దగ్గరికి పెట్టుకొని బిగుసుకుపోయి కూర్చునేది ఎవరో నాకు తెలియదా? చూపులకు వచ్చినవాళ్లు తప్ప ఇంకెవరూ అలా కూర్చోరు.

నేను ఆ పిల్లకు మేనమామను. ఉన్న ఒక్క మేనమామను. మా నేతవాళ్లలో మేనమామ వచ్చి కూర్చోకుండా సంబంధం మాట మొదలుపెట్టరు. పెట్టిన ఇళ్లు నాకు తెలుసు, ఆ ఇళ్ల గురించి నలుగురూ ఏమన్నారో కూడా తెలుసు. అక్కకు ఫోన్ చేశాను.

“ఎవలొచ్చిండ్రక్కా?”

“ఎవలు రాలే తమ్మీ.”

“మరి మైసూర్‌పాక్ ఎవలు తిన్నరు?”

“ఇంక ఖాయం గాలే తమ్మీ. ఖాయమైనంక నీకు చెప్పకుంట ఉంటమా?”

“ఖాయమైనంక చెప్తే అది పిలుసుడు. ముంగట చెప్తే అడుగుడు. నన్ను అడగరా?”

“మీ బావతోని నీకు మాట లేకపాయె. నడుమల నేనేం జెయ్యాలె?”

బావతో మాట ఎందుకు లేదో చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో మా బంధువులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. అంతకుముందు చావు కబురు వస్తే మనిషి వచ్చేవాడు. గుమ్మం బయటే నిలబడి చెప్పి, నీళ్లు కూడా ముట్టకుండా పక్క ఊరికి పోయేవాడు. పెళ్లయితే ఆడవాళ్లు వచ్చి మన ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి చెప్పేవాళ్లు. గ్రూపు వచ్చాక ఈ రెండూ ఆగిపోయాయి. చావు, పెళ్లి, పొద్దుటి పూల బొమ్మలు, అన్నీ ఒకే చోట ఒకదాని కింద ఒకటి వచ్చి పడేవి. బావ చిట్యాలలో హైవే పక్కన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం కార్డు గ్రూపులో పెట్టి ఊరుకున్నాడు. అది నాకు, మా దూరపు చుట్టాలకు, ఎవరిదో తెలియని ఒక నంబరుకు కూడా ఒక్కసారే అందింది. చిట్యాల నుంచి నల్గొండలో మా ఇంటికి ఎంత దూరం? మా ఆవిడ ఆ వారమంతా గడపకు పసుపు రాసి ఎదురు చూసింది. ఎవరూ రాలేదు. మేమూ పోలేదు.

“గ్రూపుల పెట్టినంక మల్ల ఇంటింటికి తిరిగి బొట్టు పెట్టుడేంది? అందరికి ఒక్కటే,” అన్నాడట బావ. ఆ మాట బావ గొంతులోనే నాకు వాయిస్ మెసేజ్‌గా అందింది. పంపినవాడు నా మేలు కోరే పంపానన్నాడు. నేను ‘అందరు’ కాదు, ఆయన భార్యకు తోడబుట్టినవాడిని. ఆ తర్వాత రెండేళ్లు మేమిద్దరం మాట్లాడుకోలేదు. అయితే గ్రూపులో ఆయన పెట్టింది నేను చూడని రోజు లేదు. నేను చూశానా లేదా అని ఆయన చూడని రోజూ లేదు.

అక్క దగ్గర మెల్లగా వివరాలు లాగాను, పిల్లవాడి ఫోటో కూడా పంపించుకున్నాను. పిల్లవాడిది అమ్రాబాద్ దాటాక ఒక ఊరు. మన నేతవాళ్లే, ఎప్పుడో అటు పోయి బట్టల దుకాణం పెట్టుకున్నారు. ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు. కరెంటు ఆఫీసులో స్తంభాలెక్కే పని.

“ఊరికి పోయి అర్సుకొని వచ్చిండ్రా?” అని అడిగాను.

“మీ బావ ఫోన్ల అన్ని చూసిండు తమ్మీ. పిలగాని ఫోటోలు, దోస్తులు, అన్ని.”

ఫోన్‌లో ఏం కనబడుతుంది? బైక్ మీద కూర్చున్న ఫోటో, తిరుపతిలో గుండు ఫోటో కనబడతాయి. అక్కను ఇచ్చేముందు మా బాపు బావ వాళ్ల ఊరికి పోయి, ఒక పూట మంగలి దుకాణంలో, ఒక పూట కల్లు మండువలో కూర్చొని తెలుసుకొచ్చాడు. మండువలో ఏం చెప్పారో బావకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసు.

మర్నాడు నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో సెలవు చెప్పి నేనే బయలుదేరాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. అర్సుకొని రావడానికి, అంటే నలుగురినీ విచారించి రావడానికి, ఒక పద్ధతుంది. పోయిన మనిషి ఎవరి తరఫున వచ్చాడో ఆ ఊళ్లో తెలియకూడదు. తెలిస్తే పిల్లవాడి తరఫువాళ్లు “మా మీద నమ్మకం లేదా?” అని లేస్తారు, సంబంధం అక్కడే తెగుతుంది. తెగితే నా మేనకోడలికే మాట పడుతుంది. అందుకని నేను అటు పోయిన సంగతి రెండు వైపులా ఎవరికీ తెలియకూడదని గట్టిగా అనుకొని పోయాను.

అది పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల పుకారు ఊరూరా తిరుగుతున్న ఎండాకాలం. ప్రతి ఫోన్‌లోనూ ఒకటే గొంతు: “కొత్త మనుషులు తిరుగుతున్నరు, చాక్లెట్లిచ్చి పిల్లలను తీస్కపోతున్నరు, జర పైలం.” గొంతు ఒకటే గానీ ఊరి పేరు మారేది. మాకు వచ్చినప్పుడు చిట్యాల అన్నారు. దేవరకొండ దగ్గర బస్సులో పక్కసీటు ఆయన ఫోన్‌లో అదే గొంతు దేవరకొండ అంది. అచ్చంపేటలో బస్సు మారితే అచ్చంపేట. మా గ్రూపులో దాన్ని మొట్టమొదట పెట్టింది బావే. ఇది రాసి పెట్టుకోవలసిన విషయం.

అచ్చంపేట దాటి అడవిలోకి ఎక్కాక సిగ్నల్ పోయింది. సిగ్నల్ కోసం వెతికి వెతికి నా పాత ఫోన్ ఊరు చేరేలోపే ఆరిపోయింది. అదేం పెద్ద సంగతిగా అనిపించలేదు నాకు.

ఊరి మొదట్లో ఒక టీ కొట్టు ఉంది. నడిపేది ఒక నడివయసు ఆవిడ. టీ చెప్పి కూర్చున్నాను.

“అమ్మా, గా బట్టల దుకాణపోళ్లు మంచోళ్లేనా?”

“మంచోళ్లే. ఎందుకు సారూ?”

“ఏం లేదు. వాళ్ల చిన్నోడు ఎట్లుంటడు?”

“ఎట్లుంటడంటే?”

“అదే, పిలగాడు బుద్ధిమంతుడేనా? పొద్దుగాల ఎప్పుడెల్తడు ఇంట్లకెల్లి? ఒక్కడే పోతడా, ఎవలన్న ఎంట ఉంటరా?”

ఆవిడ గిన్నె దించింది. “జర కూసో సారూ, పాలు ఒడిసినయ్, తెస్త,” అని వెనక గుమ్మం నుంచి పోయింది. మర్యాదస్తురాలు అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు పాలు లేవు, వెంట నలుగురు మగవాళ్లు ఉన్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమైంది. ఆ ఇంట్లో పెద్దకొడుకుకు ఒక చిన్న పిల్లవాడున్నాడు, అంగన్‌వాడీకి పోయేవాడు. ఊరికంతా ‘బట్టల దుకాణపోళ్ల చిన్నోడు’ అంటే వాడు. నేను అడిగిన పెళ్లికొడుకుని ఆ ఊళ్లో ఎవరూ చిన్నోడు అనరు, లైన్‌మెన్ అంటారు. మన దగ్గర పెళ్లికొడుకునీ పిలగాడే అంటాం, పాలబుగ్గల వాడినీ పిలగాడే అంటాం. మామూలు రోజుల్లో అయితే ఎవరైనా నవ్వి సరిచేసేవాళ్లు.

“ఏ ఊరు నీది?”

“నల్గొండ.”

“ఈడ ఏం పని?”

“ఉత్తగనే వచ్చిన. అడివి సూద్దామని.”

“అడివి సూడొచ్చినోనికి పిలగాని ముచ్చటెందుకురా?”

‘రా’ అన్నవాడు నా కంటే చిన్నవాడు. మొహం ఇప్పటికీ గుర్తుంది. నా సంచి గుంజుకొని తిరగేశారు. ఒక జత బట్టలు, నీళ్ల సీసా, ప్లాస్టిక్ కవర్లో ఎర్రటి దగ్గు బిళ్లలు. ఎండాకాలం దుమ్ముకు నాకు గొంతు పట్టుకుంటుంది, చప్పరించడానికి పెట్టుకున్నాను.

“చాక్లెట్లు! చూడుండ్రి, చాక్లెట్లు!”

“దగ్గు బిళ్లలయ్యా, కావాలంటే నేను తిని చూపిస్త.”

“నువ్వు తింటవ్‌రా. నీకు అలవాటుంటది.”

ఆధార్ కార్డు చూపించాను, నేతవాళ్లమని చెప్పాను. జిరాక్స్ సెంటర్లో ఎన్నయినా చేసిస్తారన్నారు. ఎవరికైనా ఫోన్ చేయమన్నారు. ఫోన్ ఆరిపోయింది. నంబరు చెప్పమన్నారు. అప్పుడు తెలిసింది, నాకు ఒక్కరి నంబరు కూడా నోటికి రాదని. మా ఆవిడదీ రాలేదు. ఎవరు నన్ను ఏ పెళ్లిలో ఏ మాటన్నారో, ఏ బంతిలో వడ్డించకుండా పోయారో అన్నీ చెప్పగలను. పది అంకెలు మాత్రం రాలేదు. “పెండ్లం నంబరు తెల్వదటరా!” అని ఒకడు నవ్వాడు. ఆ నవ్వుతో నేను పిల్లల దొంగనేనని వాళ్లకు ఖాయమైపోయింది.

పంచాయతీ ఆఫీసు అరుగు మీదికి తీసుకుపోయి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నా తువ్వాలతోనే చేతులు కట్టారు. ఊరు ఊరంతా పోగయింది. అంతలో ఆ పిల్లవాడి తండ్రి, అంటే పెళ్లికొడుకు అన్న, పిల్లవాణ్ని చంకన వేసుకొని పరుగెత్తుకొచ్చాడు.

“బిడ్డా, గీయనేనా నిన్ను పిలిచింది? గీయనేనా?”

ఆ పిల్లవాడు నన్ను ఎన్నడూ చూడలేదు. అంతమంది అరుపులకు బెదిరిపోయి, తండ్రి ఏదంటే దానికి తల ఊపాడు. గుంపులోంచి ఒక శబ్దం వచ్చింది. ఆ శబ్దం ఎలాంటిదో చెప్పలేను, విన్నవాళ్లకే తెలుస్తుంది. పెద్దోడు పిల్లవాణ్ని పక్కావిడకు అందించి వచ్చి నా చెంప మీద కొట్టాడు. కుడిచెంప. కళ్లద్దాలు అరుగు కింద పడ్డాయి.

ఒక్క మాట అంటే చాలు. “మీ తమ్మునికి పిల్లనిస్తమని వచ్చినోళ్ల మనిషిని నేను, పిల్లకు మేనమామను.” అది నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అంటే సంబంధం పోతుంది. చెంపదెబ్బ పడ్డాక అయితే ఇంకా పోతుంది, కొట్టిన ఇంట్లోకి పిల్లను ఎలా పంపుతారు, కొట్టించుకున్నవాళ్ల పిల్లను ఏ మొహం పెట్టుకొని తెచ్చుకుంటారు? అప్పుడు బావ ఏమంటాడో కూడా నాకు వినబడుతూనే ఉంది. నోరు మూసుకున్నాను. ‘చెప్తలేడు చూడు, తప్పు చేసినోడే గట్ల ఉంటడు’ అన్నారు. పోలీసులకు చెప్దామని ఒకరిద్దరు అన్నారు. “వాళ్లు పైకొచ్చేసరికి పొద్దుగూకుతది, అందాంక వీన్ని సాదుదమా?” అన్నాడు ఒకడు. వాడి చేతిలో కర్ర ఉంది.

అప్పుడు పెళ్లికొడుకు వచ్చాడు. నడుముకు బెల్టు, జేబులో టెస్టర్, ఎక్కడో స్తంభం దిగి వచ్చినట్టున్నాడు. అక్క పంపిన ఫోటోలో కంటే సన్నగా ఉన్నాడు. నేనెవరో అతనికి తెలియదు. గుంపును తప్పించుకొని వచ్చి, “ముసలాయన పెదవులెండిపోయినయ్,” అని నీళ్ల సీసా మూత తీసి నా నోటికి ఆనించాడు. నేను తాగాను. నాకు అప్పటికి యాభై కూడా లేవు. తాగుతూ అతని కళ్లలోకి చూసి, చేతుల కట్టు వైపు చూశాను. అతనూ కట్టు వైపు చూశాడు. మూత పెట్టుకొని వెనక్కి పోయి మనుషుల మధ్య నిలబడ్డాడు.

ఎరువుల దుకాణం ఆయన ఒకడు కాస్త ఆగమన్నాడు. “నేతోళ్లమంటున్నడు గదా. నల్గొండల నాకు గా కులపాయన ఒక దోస్తున్నడు. ఫోటో పంపి వాళ్ల గ్రూపుల అడగమందం. వాళ్లల్ల ఎవలన్న మనోడే అంటే ఇడిచిపెడదం. ఎవలు అనకపోతే మీ ఇష్టం.” నాకు ఎదురుగా నిలబడి ఫోటో తీశాడు. ఎండ సూటిగా మొహం మీద ఉంది. సిగ్నల్ అతని దుకాణం డాబా మీద మాత్రమే వస్తుందట. ఎక్కి పోయాడు.

మనవాళ్లు చూస్తారు, ఒక్కరైనా అంటారు అనుకున్నాను. గ్రూపులో పొద్దస్తమానం ఎవరో ఒకరు ఉంటారు. ఎవరు ముందు అంటారో అని మనసులో వరస కూడా పెట్టుకున్నాను. మా చిన్నాన్న కొడుకు అంటాడు. మా ఆవిడ అన్న అంటాడు. బావ మాత్రం అనడు. కర్ర పట్టుకున్నవాడు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. పెద్దోడు నా ముందు నుంచి కదలలేదు.

ఎరువుల దుకాణం ఆయన డాబా దిగి వచ్చాడు. మొహం వేరుగా ఉంది.

“ఏమన్నరు?”

“ఓం శాంతి అంటున్నరు.”

“ఏంది?”

“ఒక్కలు గాదు. అందరు. ఓం శాంతి, ఓం శాంతి, మంచి మనిషి పోయిండు, పిల్లలకు దేవుడు ధైర్యమియ్యాలె... గిట్లనే వస్తున్నయ్.” దోస్తు పంపిన స్క్రీన్‌షాట్లు ఫోన్ తిప్పి చూపించాడు.

“అంటే గీ మనిషి సచ్చిపోయిండా?”

“సచ్చినోని పేరు పెట్టుకొని తిరుగుతున్నడన్నట్టు! ఆధార్ కార్డు గూడ సచ్చినోనిదే!”

“నేనేనయ్యా ఆ మనిషిని! నేను బతికే ఉన్న!”

“మీవోళ్లే సచ్చినవ్ అంటుంటె నువ్వెవనివిరా బతికున్న అనెతందుకు?”

ఒక ముసలావిడ మాత్రం “ఫోటోల మనిషి గిట్లనే కూసున్నడు గదరా, సచ్చినోడు కూసుంటడా?” అంది. ఇంకొకరు ఆవిడ మీదికి లేచారు. “కూసోబెట్టరా మనకాడ? గోడకానిచ్చి కూసోబెట్టే గదా ఫోటో తీసేది?” నిజమే. మా వైపు పోయినవాళ్లను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పైన తువ్వాల వేసి, నలుగురూ చుట్టూ ఉండగా ఫోటో తీస్తారు. ఎండకు నేను కళ్లు మూసుకున్నాను. తువ్వాల నా చేతుల మీద ఉంది. కర్ర నా భుజానికి తగిలింది. గట్టిగా కాదు, ఎక్కడ కొట్టాలో చూసుకుంటున్నట్టు.

ఎరువుల దుకాణం ఆయన మళ్లీ డాబా ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే ఫోన్ మోగింది. స్పీకరు పెట్టి పై మెట్టు మీద నుంచే మాట్లాడాడు. అరుగు మీదికి వినబడుతోంది.

“ఎట్ల సచ్చిండు?” అంది అవతలి గొంతు. బావ గొంతు.

“ఎవలు?”

“ఫోటోల ఉన్నాయన. ఎట్ల సచ్చిండో ఒక్కలు గూడ రాస్తలేరు. ఏమైంది? యాక్సిడెంటా?”

“సచ్చుడేందయ్యా! ఈడ్నే కూసున్నడు.”

“కూసున్నడా? ఏమంటున్నడు?”

“ఏమంటలేడు. ఎందుకొచ్చినవంటే జవాబు చెప్తలేడు.”

“జవాబు చెప్తలేడంటే ఆయనే,” అన్నాడు బావ. “మా బామ్మర్దే. మనోడే. ఇడువుండ్రి.”

“మనోడే అంటే సరిపోదు. మా ఊర్ల పిలగాని గురించి ఎందుకడుగుతున్నడు?”

“ఏ ఊరు మీది?”

ఊరి పేరు చెప్పారు. బావ ఆ పేరును తిరిగి ఒకసారి మెల్లగా అన్నాడు, ఆయనకు అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఇక్కడ పెద్దోడు చెవి రిక్కించి వింటున్నాడు. బావ ఏమన్నా అనవచ్చు. ఎందుకు పోయాడో నాకు తెలియదు అనవచ్చు. అది నిజం కూడా.

“నేనే పంపిన,” అన్నాడు బావ. “బట్టల దుకాణపోళ్ల లైన్‌మెన్ పిలగానికి నా బిడ్డనిద్దామని మాట నడుస్తుంది. మేనమామ కండ్లతోని చూసి రావాలె గదా. నేనే పంపిన. ఆయన మీద చెయ్యి పడితె మాత్రం మంచిగుండదు.”

పెద్దోడు వంగి నా కట్టు విప్పాడు. ముడి రాలేదు, పళ్లతో లాగాడు. నా కళ్లద్దాలు ఏరి చొక్కాతో తుడిచి ఇచ్చాడు. “తప్పైంది మామా,” అన్నాడు. పర్వాలేదని నేను అనలేదు. వాళ్లింట్లో కోడిని కోశారు. తిన్నాను.

గ్రూపులో ఏం జరిగిందో తర్వాత చూసి తెలుసుకున్నాను. ఎరువుల దుకాణం ఆయన ఫోటో వేరుగా, “ఈయన మీవాడేనా?” అన్న మాట వేరుగా పంపాడు. నల్గొండ ఆయన ఫోటో ఒక్కటే మా గ్రూపులోకి పంపి, మాట పంపడం మరిచిపోయాడు. గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్న నా ఫోటో చూసి, మా అందరిలో పెద్దాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. పెద్దాయన పెట్టాక ఇంకెవరు ఆలోచిస్తారు? వరసగా ఓం శాంతి. నేను లెక్కపెట్టుకున్న చిన్నాన్న కొడుకు పెట్టాడు. మా ఆవిడ అన్న పెట్టాడు, పైగా “నిన్ననే మాట్లాడిండు” అని కూడా రాశాడు. నాతో మాట్లాడి ఆరు నెలలైంది. ఒక్కరూ మా ఇంటికి ఫోన్ చేయలేదు. బావ ఒక్కడే నల్గొండ ఆయన దగ్గర నంబరు తీసుకొని, ఫోటో తీసినవాడికి చేశాడు. పక్కింటివాళ్ల ఫోన్‌లో చూసి మా ఆవిడకు తెలిసింది. ఆ కాసేపు ఆవిడ ఎలా ఉందో నేను అడగలేదు, అడిగినా ఆవిడ చెప్పదు.

ఇంటికి రాగానే గ్రూపులో రాశాను: “నేను బతికే ఉన్నాను. ఓం శాంతి పెట్టినవాళ్లు విచారించకుండా ఎందుకు పెట్టారో చెప్పాలి.” నవ్వే బొమ్మలు వచ్చాయి. నూరేళ్ల ఆయుష్షు అన్నారు. గ్రూపు నడిపేవాడు “వ్యక్తిగత విషయాలు గ్రూపులో వద్దు” అని రాశాడు. నా చావు కంటే వ్యక్తిగతమైంది ఏముంటుందో అతనే చెప్పాలి. నేను ఊరుకోలేదు, ఎదురుపడ్డప్పుడల్లా ఒక్కొక్కరినీ అడిగాను. “అందరు పెడుతుంటె పెట్టిన.” “మా పిల్లలు ఒత్తిండ్రు.” “ఆ రోజు టవర్ లేకుండె.” టవర్ లేకుండా ఓం శాంతి ఎలా వచ్చిందయ్యా అంటే టీ తాగుదాం పదమన్నాడు. తాగలేదు.

ఆ వారంలో బావ ఫోన్ చేసి రమ్మన్నాడు. రెండేళ్ల తర్వాత, చిట్యాలలో ఆ కొత్త ఇంటి మెట్లెక్కాను. అక్క కళ్లు తుడుచుకుంది. బావ కుర్చీ చూపించాడు. నేను నిలబడే అడిగాను.

“నువ్వు నన్ను పంపలే.”

“పంపలే.”

“మరి పంపిన అని ఎందుకంటివి?”

“ఏమనాలె? బామ్మర్ది నామీద అలిగి దొంగ లెక్క పోయిండని చెప్పాల్నా?”

“అందరు ఓం శాంతి అంటుంటె నువ్వెందుకు ఫోన్ చేస్తివి?”

“నాతోటి పంచాది ఒడువకుంట నువ్వెట్ల సస్తవ్? నాకు నమ్మబుద్ధి గాలే.” ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. “సరే, పోనే పోయినవ్. దెబ్బలు తిననే తింటివి. ఇగ చెప్పు, పిలగాడు ఎట్లుంటడు? నువ్వు చెయ్యమంటెనే చేస్త. వద్దంటె గీడ్నే ఆపేస్త.”

ఆయన్ని కాసేపు అలాగే ఉంచాను. తలుపు పక్కన నా మేనకోడలు నిలబడి ఉంది.

“నీళ్లిచ్చిండు,” అన్నాను. “కట్లు ఇప్పలే.”

“అంటే?” అంది అక్క. “మంచోడా, కాదా?”

“నాకు తెల్వదక్కా. పిలిపియ్యుండ్రి. అందరి ముంగట నేనే అడుగుత.”

వాళ్లు వచ్చారు. పెద్దోడు గుమ్మంలోనే నా కాళ్లకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను. ఈసారి మైసూర్‌పాక్ ప్లేటు నా ముందే పెట్టారు. పెద్దమనుషులు వానల సంగతి, పత్తి సంగతి మాట్లాడుతున్నారు. నేను పెళ్లికొడుకును అడిగాను.

“నువ్వు నాకు నీళ్లు తాగిచ్చినవ్. చేతుల కట్టు చూసినవ్. ఎందుకు ఇప్పలే?”

పెద్దోడు నేల చూస్తున్నాడు. బావ దగ్గాడు, వదిలెయ్ అన్నట్టు. వదల్లేదు. పెళ్లికొడుకు మైసూర్‌పాక్ ముక్కను ప్లేటులో పెట్టేసి చెయ్యి తుడుచుకున్నాడు.

“భయమైంది మామా. ఇప్పితె నన్ను గూడ మీ పక్కన కూసోబెడుతరనిపించింది. మా అన్ననే ముంగట ఉన్నడు.”

“మరి నీళ్లెందుకు తెచ్చినవ్?”

“నీళ్లిస్తె ఎవలు ఏమనరు గదా.”

అంతమందిని అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పింది ఈ ఒక్కడే. తలుపు దగ్గర మేనకోడలు నా వైపు చూస్తోంది. నేను ఆమె దగ్గరికి పోయి అడిగాను, “విన్నవ్ గదా బిడ్డా. భయపడ్డడట. నీకు ఇష్టమేనా?”

“నాతోని గూడ చెప్పిండు మామా,” అంది మెల్లగా. “ఆ రోజు రాత్రే ఫోన్ చేసి చెప్పిండు. ఏడిసిండు.”

వీళ్లిద్దరూ చూపులప్పటి నుంచీ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నారట. ఆ సంగతి కూడా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ ఊరికి పోయేవాడినే కాదు.

“చెయ్యుండ్రి,” అన్నాను అక్కతో.

పెళ్లయింది. ఇద్దరూ బాగానే ఉన్నారు. నేను ఏడాదికొకసారి ఆ ఊరికి పోతాను. పోయినప్పుడల్లా పెద్దోడు మొదట నా కంచంలోనే వడ్డిస్తాడు, ముక్కలు చూసి చూసి వేస్తాడు, నా కుడిచెంప వైపు చూడడు. చాలు అనే దాకా వేస్తూనే ఉంటాడు. నేను అంత త్వరగా చాలు అనను.